ఇంట్లో ఆఫీస్ పెట్టుకోడానికి 60 వేలు ఉంటే ముందు దేనికి పెట్టాలి

మా పిన్ని కొడుక్కి ఈమధ్యే ఉద్యోగం వచ్చింది, పూర్తిగా ఇంటి నుంచే, వాళ్ళది రేపల్లె. "అక్కా, 60 వేలు పక్కన పెట్టా, ఈ లిస్టు ఓకేనా చూడు" అని వాట్సాప్‌లో పంపాడు. మొదటిది 27 ఇంచుల మానిటర్, రెండోది గేమింగ్ చైర్, మూడోది టేబుల్ వెనకాల అంటించే కలర్ లైట్లు. కరెంట్ పోతే ఏం చెయ్యాలి అన్నది లిస్టులో ఎక్కడా లేదు. ఆ రోజు రాత్రి వాడికి గంటసేపు ఫోన్లో చెప్పిందే ఇక్కడ రాస్తున్నా, ఎందుకంటే మన ఊళ్ళల్లో కూర్చుని పని చేసేవాళ్ళకి ఎదురయ్యే సమస్యలు వేరు, హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో కూర్చుని తీసే వీడియోల్లో ఇవి చెప్పరు.

నేను 2020 మార్చిలో లాక్‌డౌన్‌కి బాపట్ల వచ్చేశా, అప్పట్నుంచి ఎక్కువ కాలం ఇక్కడి నుంచే పని. నా లెక్క ఒకటే. ఏది లేకపోతే ఆ రోజు పని ఆగిపోతుందో దానికి ముందు డబ్బులు, ఏది బాలేకపోతే ఒళ్ళు పాడవుతుందో దానికి తర్వాత, చూడ్డానికి బాగుండేవి ఆఖర్న. కాబట్టి కరెంట్, నెట్, కుర్చీ, స్క్రీన్ ఎత్తు, ఆ వరసలో వెళ్దాం.

కరెంట్‌కి మూడు దారులు ఉన్నాయి. ఒకటి రౌటర్‌కి మాత్రమే పెట్టే చిన్న యూపీఎస్, అరచేతిలో పట్టేంత ఉంటుంది, లోపల లిథియం బ్యాటరీ, 12 వోల్టుల డీసీ ఇస్తుంది. మీ లాప్‌టాప్ బ్యాటరీ ఇంకా మూడు నాలుగు గంటలు వస్తోంది, మీ ఊళ్ళో కరెంట్ పోయినా గంటలోపే వచ్చేస్తుంది అంటే ఇది చాలు, ఇంకేం కొనక్కర్లేదు. కొనేముందు రౌటర్ అడాప్టర్ మీద లేబుల్ చూడండి, 12 వోల్టులు 1 ఆంపా, 1.5నా, 2నా అని రాసి ఉంటుంది, యూపీఎస్ అంతకంటే తక్కువ ఇస్తే మధ్యమధ్యలో రౌటర్ రీస్టార్ట్ అవుతూ ఉంటుంది, మనమేమో నెట్ బాలేదని కంప్లైంట్లు పెడుతూ ఉంటాం. రెండోది కంప్యూటర్ షాపుల్లో దొరికే 600 వీఏ యూపీఎస్. దీని లోపల ఉండేది 12 వోల్టుల 7 ఏహెచ్ (బ్యాటరీలో ఎంత కరెంట్ పడుతుందో చెప్పే లెక్క) బ్యాటరీ, రెండూ గుణిస్తే నిండుగా ఉన్నా 84 వాట్ అవర్లే (84 వాట్ల వస్తువు గంట నడిచేంత), డెస్క్‌టాప్ పెడితే పది పదిహేను నిమిషాలు. ఫైల్ సేవ్ చేసి సిస్టమ్ ఆపేయడానికి పెట్టుకునేది ఇది, కరెంట్ లేనప్పుడు కూర్చుని పని చేయడానికి కాదు. లాప్‌టాప్ వాడేవాళ్ళు దీని జోలికి పోవద్దు అనే చెప్తా.

మూడోది ఇన్వర్టర్. మన దగ్గర ఎండాకాలం మధ్యాహ్నం కరెంట్ తీస్తే ఫ్యాన్ లేకుండా గదిలో పది నిమిషాలు కూర్చోలేం, కాబట్టి లాప్‌టాప్ నడిస్తే చాలదు, మనిషి కూడా కూర్చోగలగాలి. 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ (ఇళ్ళల్లో మామూలుగా పెట్టే, నీళ్ళు పోసే రకం) అంటే 12 వోల్టులతో గుణిస్తే 1800 వాట్ అవర్లు కాగితం మీద, చేతికి వచ్చేది అందులో మూడింట రెండు వంతుల లోపే అనుకోండి, 1150 దగ్గర పెట్టుకుందాం. లాప్‌టాప్ 50 వాట్లు, మానిటర్ 25, రౌటర్ 15, ట్యూబ్‌లైట్ 20, మామూలు సీలింగ్ ఫ్యాన్ 75, మొత్తం 185, అంటే ఆరు గంటలు. అదే ఫ్యాన్ తీసేసి బీఎల్‌డీసీ ఫ్యాన్ (తక్కువ కరెంట్ తినే మోటార్ ఉన్నది) పెడితే అది 30 వాట్లే తింటుంది, మొత్తం 140, ఎనిమిది గంటలు వస్తుంది. పెద్ద బ్యాటరీకి ఇంకో నాలుగు వేలు పెట్టే బదులు ఫ్యాన్ మార్చడం మేలు, కరెంట్ బిల్లు కూడా తగ్గుతుంది.

ఇన్వర్టర్ కొనేటప్పుడు ప్యూర్ సైన్ వేవ్ (లైనులో వచ్చే కరెంట్‌లాగే నున్నగా ఇచ్చేది) అని అడిగి మరీ తీసుకోండి, స్క్వేర్ వేవ్ రెండు వేలు తక్కువకి ఇస్తామంటారు, ఫ్యాన్ బుర్రుమని మూలుగుతుంది, ఆ చప్పుడు కాల్‌లో అవతలివాళ్ళకి కూడా వినిపిస్తుంది. ఇంకోటి, చాలా మోడళ్ళకి వెనకాల ఒక స్విచ్ ఉంటుంది, ఒకవైపు యూపీఎస్, ఇంకోవైపు నార్మల్ అనో ఎకో అనో. డెస్క్‌టాప్ వాడేవాళ్ళు యూపీఎస్ వైపు పెట్టాలి, లేకపోతే కరెంట్ పోయిన క్షణంలో సిస్టమ్ రీస్టార్ట్ అవ్వచ్చు. అయితే మీ ఊళ్ళో ఓల్టేజ్ తక్కువుంటే యూపీఎస్ మోడ్‌లో అది 180 వోల్టుల దగ్గరే కరెంట్ లేదనుకుని బ్యాటరీ మీదకి వెళ్ళిపోతుంది, కరెంట్ ఉండగానే బ్యాటరీ అయిపోతుంది. లాప్‌టాప్ అయితే దాని బ్యాటరీ దానికి ఉంటుంది కాబట్టి నార్మల్ మోడే మంచిది. మా ఇంట్లో ఇది తెలియక ఒక వేసవంతా బ్యాటరీ పాడైందేమో అనుకున్నాం.

లిథియం బ్యాటరీ ఇన్వర్టర్లు కూడా వచ్చాయి, నీళ్ళు పొయ్యక్కర్లేదు, ఎక్కువ ఏళ్ళు వస్తాయి, త్వరగా ఛార్జ్ అవుతాయి, రేటు మాత్రం చాలా ఎక్కువ. అద్దె ఇంట్లో ఉండి రేపు ఇల్లు మారాల్సి వస్తే మోసుకెళ్ళడానికి అది తేలిక, సొంత ఇల్లయితే ట్యూబులర్ చాలు, మూడు నెలలకోసారి డిస్టిల్డ్ వాటర్ చూసుకోండి, బ్యాటరీని మీరు కూర్చునే గదిలో పెట్టొద్దు, గాలి ఆడే వరండాలో పెట్టండి. ఇన్వర్టర్ మీద ఏసీ నడుస్తుందా అని మా వాడు అడిగాడు, నడవదు, ఒక టన్ను ఏసీ ఒక్కటే వెయ్యి వాట్ల దగ్గర తింటుంది.

తుఫాన్ల సంగతి వేరే. 2023 డిసెంబర్ 5న మిగ్‌జాం మా బాపట్ల దగ్గరే తీరం దాటింది, అలాంటి రోజున ఏ ఇన్వర్టర్ అయినా సాయంత్రానికి అయిపోతుంది, ఫోన్ టవర్లు కూడా పడుకుంటాయి. హెచ్చరిక వచ్చిన రోజే మేనేజర్‌కి మెసేజ్ పెట్టి, చేతిలో ఉన్న పని పక్కవాళ్ళకి అప్పగించుకోవడం తప్ప డబ్బుతో కొనగలిగేది ఏమీ లేదు, దానికోసమని డబల్ బ్యాటరీ కొనొద్దు.

కరెంట్ సంగతి ముగించేలోపు ఒక్క మాట, ఎర్తింగ్. లాప్‌టాప్ మెటల్ బాడీ మీద చెయ్యి పెడితే సన్నగా జివ్వుమంటోందా, అయితే ప్లగ్గులో ఎర్త్ సరిగ్గా లేనట్టే, పాత ఇళ్ళల్లో ఇది మామూలు. మూడు పిన్నుల ప్లగ్గుని రెండు పిన్నుల సాకెట్‌లో దూర్చే అడాప్టర్లు వాడొద్దు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి టేబుల్ దగ్గరకి విడిగా ఒక లైను, మంచి ఎర్త్, ఇన్వర్టర్ కనెక్షన్ తో వేయించుకోండి, ఇది చిన్న ఖర్చే, కానీ అన్నిటికంటే అవసరమైనది.

ఇక నెట్. అందరూ స్పీడ్ అడుగుతారు, 100 ఎంబీపీఎస్ తీసుకోనా 200 తీసుకోనా అని. ఒక వీడియో కాల్‌కి మంచి క్వాలిటీలో కూడా అటూ ఇటూ మూడు నాలుగు ఎంబీపీఎస్ చాలు. మీరొక్కరే అయితే 30, 40 ఎంబీపీఎస్ ప్లాన్ సరిపోతుంది, ఇంట్లో పక్క గదిలో టీవీ, పిల్లల ఫోన్లు ఉంటే 100. అంతకు మించి పెట్టే డబ్బు వృథా. అసలు అడగాల్సింది స్పీడ్ కాదు, లైను మీ ఇంటికి ఎలా వస్తోంది అని. ఫైబర్ తీగ నేరుగా మీ గోడ దాకా వచ్చి డబ్బాలో కలుస్తోందా, లేదా పక్క అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనో స్తంభం మీదో ఉన్న స్విచ్ దాకా వచ్చి అక్కణ్ణుంచి మీకు లాన్ కేబుల్ లాగారా? రెండోదైతే మీ వీధిలో కరెంట్ పోగానే ఆ స్విచ్ కూడా పోతుంది, మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా నెట్ రాదు. ఫైబర్ నేరుగా వచ్చే లైనులో మధ్యలో ఉండే స్ప్లిట్టర్‌కి (ఒక తీగని చాలా ఇళ్ళకి పంచే చిన్న డబ్బా) కరెంట్ అక్కర్లేదు, అవతల ఆఫీసులో బ్యాకప్ ఉంటే చాలు, అందుకే అది నిలబడుతుంది. లైను వెయ్యడానికి వచ్చిన కుర్రాణ్ణి ఈ ప్రశ్న అడిగితే చెప్తాడు, వాళ్ళకి తెలుసు.

కంపెనీ ఏది అంటే, బీఎస్‌ఎన్‌ఎల్, జియో, ఎయిర్‌టెల్, ఆంధ్రాలో ఏపీ ఫైబర్‌నెట్, పెద్ద ఊళ్ళల్లో ఏసీటీ లాంటివి, వీటిలో ఏది గొప్పది అని నేను చెప్పను, ఎందుకంటే ఊరు మారితే, వీధి మారితే కూడా జవాబు మారుతుంది. మీ వీధిలోనే ఇప్పటికే ఇంటి నుంచి పని చేసేవాళ్ళని ఇద్దర్ని పట్టుకుని "పోయినసారి లైను తెగినప్పుడు ఎన్నాళ్ళకి వచ్చి కలిపారు" అని అడగండి. రెండు గంటల్లో వచ్చే లోకల్ మనిషి ఉన్న మామూలు కనెక్షన్, మూడు రోజులు తిప్పే ఫాస్ట్ కనెక్షన్ కంటే నయం. నాకు ఒకసారి చెట్టు కొమ్మ పడి తీగ తెగితే నాలుగు రోజులు పట్టింది, ఆ నాలుగు రోజులూ ఫోన్ హాట్‌స్పాట్ మీద నెట్టుకొచ్చా, అప్పుడే అర్థమైంది రెండో దారి కూడా ఉండాలని.

5జీ ఎయిర్‌ఫైబర్ కూడా అడుగుతున్నారు, 2023 సెప్టెంబర్‌లో హైదరాబాద్ లాంటి కొన్ని నగరాల్లో జియో మొదలుపెట్టింది, తర్వాత చిన్న ఊళ్ళకీ వచ్చింది. తీగ రాని చోట అది వరమే, మీ మేడ మీద చిన్న డబ్బా బిగిస్తే చాలు. కానీ టవర్ మీద జనం పెరిగితే సాయంత్రాలు తగ్గుతుంది, కాల్‌లో మాట ముక్కలవుతుంది. ఫైబర్ వచ్చే వీధిలో ఉంటే ఫైబరే తీసుకోండి, రానిచోట ఎయిర్‌ఫైబర్. రెండో దారిగా ఫోన్ హాట్‌స్పాట్ చాలు, ఒక్కటే షరతు, ఫోన్ సిమ్ ఫైబర్ కంపెనీది కాకూడదు, ఒకళ్ళది పడుకుంటే ఇంకొకళ్ళది ఉండాలి. రోజుకి 2 జీబీ ప్యాక్ అయితే కెమెరా ఆన్ చేసిన గ్రూప్ కాల్‌కి గంటకి ఒక జీబీ దాకా పోతుంది, కెమెరా ఆపితే రోజంతా వస్తుంది.

వైఫై బలంగా రాకపోతే ఎక్స్‌టెండర్ కొనేముందు లాన్ కేబుల్ గురించి ఆలోచించండి. మన ఇళ్ళ గోడలు మందం, పైన స్లాబు, మేడ మీదకి 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ సరిగ్గా ఎక్కదు. క్యాట్ 6 కేబుల్ 100 మీటర్ల దాకా లాగొచ్చు, ఎక్స్‌టెండర్ కంటే తక్కువ ఖర్చు, ఎండైనా వానైనా ఒకేలా పని చేస్తుంది.

కుర్చీ దగ్గర కొంచెం ఆగుదాం, ఎందుకంటే ఇక్కడే అందరూ తప్పు చేస్తారు. నేను మొదటి ఏడాది డైనింగ్ టేబుల్ దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నా, కింద దిండు వేసుకుని. ఆరు నెలలకి నడుం పట్టేసింది, డాక్టర్ ఫీజులూ ఫిజియోథెరపీ కలిపితే మంచి కుర్చీ వచ్చేది. మా వాడు అడిగిన గేమింగ్ చైర్ ఎందుకు వద్దన్నానంటే, అవి చాలావరకు రెగ్జిన్‌తో వస్తాయి, మా కోస్తా ఉక్కలో గంటలో వీపంతా చెమట, రెండేళ్ళకి ఆ రెగ్జిన్ పొరలు పొరలుగా ఊడి ఒంటికి అంటుకుంటుంది. నల్లగొండలోనో అనంతపురంలోనో ఉన్నవాళ్ళకి అంత ఇబ్బంది ఉండకపోవచ్చు, ఇక్కడ మాత్రం వెనకాల మెష్ ఉండాల్సిందే. కూర్చునే చోట మాత్రం మెష్ వద్దు, చవకరకం మెష్ ఏడాదికి కుంగిపోయి కింద ఫ్రేమ్ తొడలకి గుచ్చుకుంటుంది, గట్టి ఫోమ్ సీటు మేలు.

షాపులో చూసేటప్పుడు రెండు నిమిషాలు కూర్చుని బాగుంది అనేయొద్దు, కనీసం పావుగంట కూర్చోండి, చెప్పులు విప్పి. పాదాలు పూర్తిగా నేలకి ఆనాలి, సీటు అంచుకీ మోకాలి వెనక్కీ మధ్య రెండు మూడు వేళ్ళు పట్టాలి, నడుం వంపు దగ్గర ఆనుకునేది ఉండాలి, చేతులు ఆనించేవి పైకీ కిందకీ జరగాలి. హెడ్‌రెస్ట్ లేకపోయినా పర్లేదు, దానికి అదనంగా అడిగే డబ్బు పెట్టొద్దు. మన ఆడవాళ్ళకి ఒక ఇబ్బంది ఉంది, నా ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు, చాలా కుర్చీలు ఎంత దించినా పాదాలు గాల్లోనే ఉంటాయి, కాబట్టి కనీస ఎత్తు ఎంతో అడిగి కొలవండి, లేదా కాళ్ళ కింద చిన్న పీట వేసుకోండి.

కొత్తదా పాతదా అంటే నేను పాతదానికే ఓటు. హైదరాబాద్‌లో ఆఫీసులు ఖాళీ చేసినప్పుడు మంచి కంపెనీ కుర్చీలు సెకండ్‌హ్యాండ్‌లో వస్తాయి, కొత్తగా పాతిక వేలు ఉండేది ఏడెనిమిది వేలకి దొరుకుతుంది, అదే డబ్బుకి ఆన్‌లైన్‌లో వచ్చే కొత్త కుర్చీ దానికి సాటి రాదు. చూడాల్సింది గ్యాస్ లిఫ్ట్ (సీటుని పైకీ కిందకీ జరిపే గొట్టం) దిగిపోతోందా, చక్రాలు తిరుగుతున్నాయా, సీటు ఫోమ్ నలిగిందా, అంతే. గ్యాస్ లిఫ్ట్ పోయినా కుర్చీలు బాగుచేసేవాళ్ళు మారుస్తారు. బస్సు పార్సిల్‌లో కూడా వచ్చేస్తుంది, నాది అలాగే వచ్చింది.

టేబుల్‌కి ఎక్కువ ఆలోచించక్కర్లేదు. ఆన్‌లైన్‌లో వచ్చే పార్టికల్ బోర్డు టేబుళ్ళు మా తేమకి అంచుల దగ్గర ఉబ్బిపోతాయి, ఊళ్ళో వడ్రంగితో 19 ఎంఎం ప్లైవుడ్‌తో చేయించుకోండి, మీ ఎత్తుకి తగ్గట్టు కొలిచి. రెడీమేడ్‌వి 29, 30 అంగుళాలు ఉంటాయి, నాలాంటి వాళ్ళకి 27 చాలు. ఇంట్లో పాత టేకు తలుపు మూలన పడి ఉంటే కాళ్ళు కొట్టిస్తే అంతకంటే మంచి టేబుల్ డబ్బు పెట్టినా దొరకదు.

స్క్రీన్ విషయంలో మానిటర్ తప్పనిసరి కాదు. లాప్‌టాప్ కిందకి ఉండటం వల్ల మెడ వంచి చూస్తాం, సమస్య అది. ఒక స్టాండు, విడి కీబోర్డు, మౌస్, మూడూ కలిపి 2,500 లోపు, స్క్రీన్ పై అంచు కంటికి ఎదురుగా, చెయ్యి చాపినంత దూరంలో ఉంటే మెడ సమస్య తీరిపోతుంది. కాల్స్, మెయిల్స్, టికెట్ల (కస్టమర్ల కంప్లైంట్లు చూసే) పని చేసేవాళ్ళకి ఇది చాలు. కోడింగ్, ఎక్సెల్, డిజైన్ చేసేవాళ్ళకి మానిటర్ కావాలి, 24 ఇంచులు ఫుల్ హెచ్‌డీ ఐపీఎస్ (పక్క నుంచి చూసినా రంగు మారని స్క్రీన్) తీసుకోండి. 27 ఇంచులు కావాలంటే 1440పీ (ఫుల్ హెచ్‌డీ కంటే ఎక్కువ చుక్కలు ఉండే స్క్రీన్) ఉండాలి, ఫుల్ హెచ్‌డీ 27 లో అక్షరాలు పలచగా, మసగ్గా కనపడతాయి, రోజంతా చదివేవాళ్ళకి కళ్ళు లాగుతాయి. కంపెనీ లాప్‌టాప్ అయితే డాక్ (మానిటర్, కీబోర్డు అన్నీ ఒకే తీగతో లాప్‌టాప్‌కి కలిపే డబ్బా) కొనేముందు ఐటీ వాళ్ళని అడగండి, కొన్ని డాక్‌లకి డ్రైవర్ ఇన్‌స్టాల్ చెయ్యాలి, లాక్ చేసిన లాప్‌టాప్‌లో అది కుదరదు, మామూలు హెచ్‌డీఎంఐ తీగకి ఏ గొడవా లేదు.

హెడ్‌సెట్‌లో ఒక మోసం లాంటి గందరగోళం ఉంది. ఏఎన్‌సీ అని రాసినవన్నీ మన చెవికి బయటి చప్పుడు తగ్గిస్తాయి, అవతలివాళ్ళకి కాదు. మన వీధిలో మైకు పెట్టుకుని తిరిగే కూరగాయల బండి, కుక్కర్ విజిల్, గుళ్ళో పాట, ఇవి అవతలికి వెళ్ళకుండా ఉండాలంటే నోటి దగ్గరకి వచ్చే మైకు ఉండాలి, ఈఎన్‌సీ అని ఉండేది అందుకు. బ్లూటూత్ వాటిల్లో మైకు ఆన్ అవగానే పాత పద్ధతికి మారి మాట బొంగురుగా వినిపించేవే ఎక్కువ, పైగా చిన్న ఇయర్‌బడ్స్ అయితే నాలుగైదు గంటలకి ఛార్జింగ్ అయిపోతుంది. రోజుకి మూడు గంటలు కాల్స్ ఉంటే తీగ ఉన్న యూఎస్‌బీ హెడ్‌సెట్టే.

గది సంగతి మా పిన్ని అడిగింది, వాడు మేడ మీద కూర్చోవాలా కింద కూర్చోవాలా అని. పైన నిశ్శబ్దం, కానీ ఏప్రిల్ నుంచి స్లాబు కాలిపోతుంది, రాత్రి దాకా వేడి దిగదు. కింద చల్లన, కానీ వచ్చేపోయే చుట్టాలు. వాడిది అమెరికా షిఫ్టు, సాయంత్రం నుంచి రాత్రి, అందుకని కిందే, ఇంటి వెనక గదిలో అన్నాను, పగటి షిఫ్టు అయితే వేరేలా చెప్పేదాన్ని. కూలర్ కొందామంది పిన్ని, రేపల్లె గాలిలో ఉండే తడికి కూలర్ ఇంకా జిగట పెంచుతుంది, అది నిజామాబాద్ వైపు పొడి ఎండకి బాగుంటుంది గానీ మనకి కాదు. తూర్పు ముఖంగా కూర్చోవాలని కూడా అంది, అలాగే పెట్టాం, కిటికీ ఎడం పక్కకి వచ్చింది, స్క్రీన్ మీద మెరుపు పడట్లేదు, మొహం మీద వెలుగు ఉంది.

కొనేముందు ఆఫీసు హెచ్‌ఆర్‌ని అడగమన్నా, కొన్ని కంపెనీలు కుర్చీకీ నెట్‌కీ డబ్బులు ఇస్తాయి, జీఎస్‌టీ బిల్లు మాత్రం అడుగుతారు, కొన్నాక అడిగితే ఇవ్వరు. వాడి కంపెనీ నెట్ బిల్లు ఇస్తానంది.

చివరికి మా వాడి లిస్టు ఇలా మారింది. ఇన్వర్టరూ బ్యాటరీ 23,000, సెకండ్‌హ్యాండ్ కుర్చీ 7,500, వడ్రంగి టేబుల్ 6,000, స్టాండూ కీబోర్డూ మౌసూ 2,500, యూఎస్‌బీ హెడ్‌సెట్ 2,500, ఎలక్ట్రీషియన్, ఎర్తింగ్, లాన్ కేబుల్ అన్నీ కలిపి 3,500. మొత్తం 45 వేలు, ఇంకో 15 వేలు మిగిలాయి. మానిటర్ రెండు నెలలు పని చేశాక, నిజంగా కావాలనిపిస్తే కొనుక్కోమన్నా, టేబుల్ వెనకాల దానికోసం ఒక ప్లగ్గు ఇప్పుడే పెట్టించమని చెప్పా. ఆదివారం ఎలక్ట్రీషియన్ వస్తున్నాడు.